రెక్క కింద దాచిన నీలం

పగలంతా చెట్టు బెరడుకి అతుక్కుని కూర్చుంటుంది. పై రెక్కలు బూడిద రంగు, వాటి మీద మరకలు, గీతలు. ఆ చెట్టుకే ఆనుకుని సెల్ఫీ తీసుకున్నా మీ కంట పడదు. కానీ పక్షి ముక్కు మీదకొచ్చిందా... ఠక్కున పై రెక్కలు తెరుస్తుంది. కింద దాచుకున్న నల్లటి రెక్కలు, వాటి మధ్యలో నీలం పట్టీ! పక్షి ఉలిక్కిపడేలోపు ఇది జంప్.

దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగులు తెలుసుగా? ఇంగ్లిష్‌లో మాత్ అంటారు. ఇదీ ఆ బాపతే. పేరు క్లిఫ్డెన్ నాన్‌పరైల్. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో, థేమ్స్ నది ఒడ్డునున్న క్లివ్‌డెన్‌లో దొరికింది కాబట్టి ఆ పేరొచ్చింది. నాన్‌పరైల్ అంటే సాటిలేనిది. రెక్కలు చాపితే దాదాపు 10 సెంటీమీటర్లు, అంటే మన అరచేయంత! దీని ప్రజాతి పేరు కాటోకాలా. గ్రీకులో దానర్థం ‘కింద అందం’.

ఇంతకీ రంగు చూసి పక్షి నిజంగా జడుసుకుంటుందా? 1985లో డెబ్రా ష్లెనాఫ్ అనే పరిశోధకురాలు కాటోకాలా మాత్‌ల నమూనాలు తయారుచేసి బ్లూ జే పక్షుల ముందు పెట్టారు. బూడిద రంగు రెక్కలకి అలవాటుపడ్డ పక్షులు ఒక్కసారిగా రంగు రెక్కలు కనబడేసరికి ఉలిక్కిపడ్డాయి. అదే డిజైన్ మళ్లీ మళ్లీ చూపిస్తే లైట్ తీసుకున్నాయి. కొత్త డిజైన్ రాగానే మళ్లీ షాక్! అంటే బలం రంగులోనే కాదు, అది ఊహించని విధంగా బయటపడటంలోనూ ఉంది.

పక్షి ముందు పనిచేసిన ఈ ట్రిక్ గొడ్డలి ముందు పనిచేయలేదు. దీని గొంగళిపురుగు ముఖ్యంగా తినేది ఆస్పెన్, పాప్లర్ చెట్ల ఆకులు. కెంట్ అడవుల్లో ఆస్పెన్ చెట్లు కొట్టేసి కలప కోసం వేరే చెట్లు పెంచారు. దాంతో 1960ల్లో అక్కడి సంతతి అంతరించింది. ఆ తర్వాత యూరప్ నుంచి సముద్రం దాటొచ్చిన ఒకటీ అరా మాత్రమే బ్రిటన్‌లో కనిపించేవి. 2000 తర్వాత మాత్రం దక్షిణ ఇంగ్లండ్‌లో మళ్లీ కాపురం పెట్టింది. ఇప్పుడక్కడ పిల్లల్ని కూడా కంటోంది.

ఈ మాత్ చలికాలమంతా గుడ్డు రూపంలో చెట్టు మీదే గడిచిపోతుంది. గుడ్డుకి రెక్కలుండవు, చూపించి బెదిరించడానికి నీలమూ ఉండదు. చెట్టు మిగిలితేనే అదీ మిగిలేది.