తులం బరువు తూటా

పాఠక మిత్రులు మన్నించాలి. మధుమేహం గురించి మిగతా సగం ఈ నెల రాస్తామని పోయిన సంచికలో మాట ఇచ్చాము. ఆ మాట తప్పడానికి కారణం ఒక ఫోను. మన సభ్యులలో ఒకాయన, డెట్రాయిట్ దగ్గర ఇంజనీరు, రాత్రి పదకొండింటికి పిలిచారు. ఆ వేళప్పుడు ఫోను మోగితే ఎవరికో గుండెనొప్పి అనుకుంటాము. "గుండెనొప్పి కాదండీ, అంతకంటే పెద్దది" అన్నారు. వాళ్ళ పద్నాలుగేళ్ళ అబ్బాయిని స్నేహితుడి తండ్రి నవంబరులో జింకల వేటకు రమ్మన్నాడట. పంపకపోతే అన్నం తిననని అబ్బాయి భీష్మించుకున్నాడట. తల్లి ఒప్పుకోదు, తండ్రి ఎటూ చెప్పలేడు. "పంపడమా మానడమా అన్నది మేము తేల్చుకుంటాం. పంపితే ఏ కేలిబరు రైఫిలు కొనాలో మీరు చెప్పండి డాక్టరు గారూ, మీరుండేది అడవుల్లో గదా. కొట్టువాడు పెద్దదే కొనమంటున్నాడు."

ఆ చివరి మాట వినగానే మా కుడి కనుబొమ్మ మీది మచ్చ దురద పెట్టింది. ఎందుకో ముందు ముందు చెబుతాము. శాకాహారులైన మిత్రులు ఈ నెలకు ఈ పేజీ తిప్పేసినా మేమేమీ అనుకోము.

మేముండేది మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో. డాక్టర్లు దొరకని ఊళ్ళో మూడేళ్ళు పనిచేస్తే దేశంలో ఉండనిస్తామన్నారు గనక వచ్చాము, తరవాత ఊరు వదలబుద్ధి పుట్టక ఉండిపోయాము. ఇక్కడ నవంబరు 15 అంటే మనకు సంక్రాంతి లాంటిది. ఆ రోజు నుంచి నెలాఖరు దాకా తుపాకితో జింకల వేట. ఆ రెండు వారాలూ రక్తపోటు చూపించుకోవడానికి మగవాడనేవాడు మా గదికి రాడు. వేట అంటే మాకు మొదట్లో తెలిసిన అర్థం ఒక్కటే, ఆదివారం పూట గోదావరి జిల్లా చుట్టాలు వండి పెట్టే వేట మాంసం. అదేమో సంతలో కొన్న మేకపోతు. నిజమైన వేటను మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆపేసింది. మేము పుట్టేసరికే అది కథల్లోకి వెళ్ళిపోయింది.

ముందు ఈ అంకెల గోల విప్పుదాము. కేలిబరు అంటే తుపాకి గొట్టం లోపలి వెడల్పు, అంగుళంలో ఎన్నో వంతు అన్న లెక్క. పాయింటు 30 అంటే అంగుళంలో నూటికి ముప్పై వంతులు. అక్కడితో ఆగితే బాగానే ఉండును. థర్టీ-థర్టీ అనే 1895 నాటి తూటా పేరులో రెండవ ముప్పై మందు బరువు, ముప్పై గ్రెయిన్లు. (ఇక్కడ మందు అంటే తుపాకి మందు. మన భాషలో రోగికీ, తాగుబోతుకూ, తుపాకికీ ఒకటే మాట.) థర్టీ-ఆట్-సిక్స్ లోని ఆరు మాత్రం బరువు కాదు, సంవత్సరం: అమెరికా సైన్యం దాన్ని స్వీకరించిన 1906. పాయింటు 270 గుండు కొలిస్తే 277 వస్తుంది. ఇందులో తర్కం వెతకవద్దు, ఇంటిపేర్లలో వెతుకుతామా?

ఇంటిపేర్లంటే జ్ఞాపకం వచ్చింది, తూటాలకూ వంశవృక్షాలున్నాయి. 1906 నాటి తూటా మెడ సన్నం చేస్తే 1925లో 270 పుట్టింది. 1952లో వచ్చిన 308 మెడ సన్నం చేస్తే 1955లో 243, 1980లో సెవెన్ ఎమ్మెమ్-ఆట్-ఎయిట్ పుట్టాయి. ఈ నాలుగైదు పేర్లు తెలిస్తే జింక మట్టుకు ఎవరితోనైనా మాట్లాడవచ్చు.

గుండు బరువు గ్రెయిన్లలో చెబుతారు. వైద్యులకు ఇది పాత చుట్టమే. ఆస్పిరిన్ మాత్ర 325 మిల్లీగ్రాములని ఎందుకుంటుంది, చక్కగా మూడు వందలని ఉండకుండా? అది పాతకాలపు అయిదు గ్రెయిన్లు గనక. మరొక చుట్టరికం మా ఆవిడ కనిపెట్టింది. తెల్లవాళ్ళ హయాంలో మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లని నిర్ణయించారు. థర్టీ-ఆట్-సిక్స్ లో వాడే పెద్ద గుండు బరువూ 180 గ్రెయిన్లే. అంటే పాత లెక్కన అచ్చంగా తులం. ఆమె తన గాజును ఒక చేత, గుండును ఒక చేత పట్టుకుని చూసి "ఇంత బరువు జింకకెందుకండీ?" అంది. ఆ ప్రశ్న మేము రైఫిలు కొనకముందే అడిగి ఉంటే బాగుండేది.

మేము కొన్నది త్రీ హండ్రెడ్ మాగ్నమ్. దుకాణంలో అతను "దీంతో ఎల్క్ నైనా ఎలుగునైనా కొట్టవచ్చు" అన్నాడు. మా ఊరి అడవిలో ఎల్క్ లేదు, ఎలుగుతో మాకు తగువు లేదు. అయినా కొన్నాము. వచ్చిన కొత్తలో పెద్ద కారు, పెద్ద ఇల్లు, పెద్ద టీవీ కొన్నట్టే కొన్నాము. మనవాళ్ళకు ఆ జబ్బు ఉంది, దానికి మందు లేదు.

తుపాకి వెనక్కి తన్నే శక్తిని అడుగు-పౌన్లలో కొలుస్తారు. మామూలు బరువున్న రైఫిళ్ళలో 243 సుమారు తొమ్మిది తంతుంది. థర్టీ-థర్టీ పదకొండు, 308 పదహారు, థర్టీ-ఆట్-సిక్స్ తులం గుండుతో ఇరవై. మా మాగ్నమ్ ఇరవై ఆరు. మొదటి రోజే దుర్భిణి అంచు వచ్చి కనుబొమ్మను కోసింది. మా ఆస్పత్రిలోనే నాలుగు కుట్లు వేయించుకున్నాము. నర్సులు నవ్వారు, మేమూ నవ్వాము. కాని మా వెన్నులో ఒక జంకు చేరిందని ఆ రోజు మాకు తెలియలేదు. ఆ తరవాత ట్రిగ్గర్ నొక్కే క్షణాన, తుపాకి పేలకముందే, కళ్ళు మూసుకుంటున్నాము, భుజం ముందుకు తోస్తున్నాము.

నవంబరు 15 సాయంత్రం నాలుగున్నరకు ఒక మగ జింక ఎనభై గజాలలో పక్కకు తిరిగి నిలబడింది. తెల్లతోక జింకకు ప్రాణం ఉండే చోటు, గుండె ఊపిరితిత్తులు కలిపి, సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. ముందుకాలి వెనకనే. పుస్తకాలలో చదివిన శరీరశాస్త్రమే. కాల్చాము. జింక నడుము వంచి, తోక దించి, మెల్లగా చెట్లలోకి నడిచిపోయింది.

పక్కింటి పెద్దాయన వచ్చాడు. పేపరు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, యాభై ఏళ్ళ వేట. లాంతరు వేసి ఆకుల మీద నెత్తురు చూపించాడు. "నువ్వే చెప్పు డాక్, ఇదేమిటి?" ఊపిరితిత్తికి తగిలితే నెత్తురు లేత ఎరుపు, నురగ ఉంటుంది. కాలేయానికైతే చిక్కగా, నల్లగా. మేము చూసిన దానిలో ఆకుపచ్చని పసరు ఉంది. వాసన చూడనక్కరలేకుండానే తెలిసింది. పేగులు. ఎమర్జెన్సీలో ఇలాంటి మనిషి వస్తే ఎన్ని నిమిషాలలో బల్ల మీదికి చేర్చాలో మాకు తెలుసు. ఆ జింకకు మేము చేయవలసింది ఇంటికి పోవడం. తరిమితే ఇంకా దూరం పరుగెత్తి దొరకకుండా చస్తుంది, తెల్లవారేదాకా ఆగాలి అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఆపి "స్నానం చేసి రండి" అంది, చావింటి నుంచి వస్తే చెప్పినట్టు. రాత్రంతా కిటికీ వైపు చూస్తూ పడుకున్నాము. పొద్దున్న మూడు వందల గజాల అవతల దొరికింది. అప్పటికి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. అంటే ఎంతసేపు బతికిందో మాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. తోడేలు జాతివేవో వచ్చి తిన్నాయి, మాంసం పనికిరాలేదు.

పెద్దాయన మమ్మల్ని తిట్టలేదు. మరునాడు రేంజికి తీసుకుపోయి ఒక పరీక్ష పెట్టాడు. మాకు కనబడకుండా తూటాల మధ్య ఒక ఉత్త తూటా, మందు లేనిది, కలిపి నింపాడు. అది వచ్చినప్పుడు తుపాకి పేలలేదు, గొట్టం మూతి మాత్రం జానెడు కిందికి దిగింది. జింక ఎందుకట్లా చచ్చిందో అర్థమయింది. "నీ రైఫిలు జింకను బాగానే చంపుతుంది, నిన్నే ముందు భయపెడుతోంది" అన్నాడు. ఆ మాగ్నమ్ అమ్మేసి పాయింటు 22 తో మొదలుపెట్టించాడు, ఒక వేసవి మొత్తం. తరవాత 308.

ఇంక మన ఇంజనీరు గారి అబ్బాయి సంగతి. 243, వంద గ్రెయిన్ల గుండుతో, పొట్టి బట్ ఉన్నది. లేదా సెవెన్ ఎమ్మెమ్-ఆట్-ఎయిట్, అది తన్నడంలో కొంచెం ఎక్కువైనా రెండు మూడేళ్ళకు పెద్దవాడైనా పనికొస్తుంది. దట్టమైన అడవిలో వంద గజాలు దాటి ఏదీ కనబడదు గనక థర్టీ-థర్టీ కూడా చాలు. ఇక్కడి తాతలందరి ఇళ్ళలో ఉన్నది అదే. 243 తో అంచుల మీద కాల్చే వీలు లేదని అనుభవజ్ఞులంటారు, ఒప్పుకుంటాము. కాని అంచుల మీద కాల్చకూడదన్నదే పిల్లవాడు నేర్చుకోవలసింది. గుండు మాత్రం లోపల విచ్చుకునే వేట గుండే కావాలి, సైన్యపు గట్టి తొడుగు గుండు కాదు.

కొనే ముందు మీ కౌంటీ నియమం చూడండి. పల్లపు పొలాలున్న రాష్ట్రాలలో జింకకు రైఫిలు ఒప్పుకోక షాట్ గన్ కే పరిమితం చేసిన చోట్లున్నాయి. ఒహాయోలో 2014 నుంచి నిటారు గొట్టం తూటాలు కొన్నిటిని అనుమతించారు. ఇంజనీరు గారు వీసా సంగతి చెప్పలేదు గనక అదీ రాస్తున్నాము: 1998 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1, జె-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, ఒక్క తూటా గాని దగ్గర ఉంచుకోరాదు. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు అమలులో ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వారికి ఈ అడ్డు లేదు. మిషిగన్ లో 1960లో గాని, ఆ తరవాత గాని పుట్టినవారు లైసెన్సుకు ముందు వేట భద్రత పాఠం చదవాలి. 2024 ఫిబ్రవరి నుంచి పిల్లలున్న ఇంట్లో తుపాకికి తాళం చట్టరీత్యా తప్పనిసరి. చట్టం లేకపోయినా వెయ్యండి. తూటాలు వేరే చోట, వేరే తాళంలో.

వైద్యులుగా ఒకటి. సీసపు గుండు జింక లోపల తునిగి, కంటికి కనబడని ముక్కలు మాంసంలో జానెడు దూరం దాటి కూడా పోతాయి. 2008లో నార్త్ డకోటాలో ఒక వైద్యుడు పేదలకు పంచే జింక కైమా పొట్లాలను స్కాన్ చేస్తే సగానికి పైగా పొట్లాలలో లోహం కనిపించింది. ఇంట్లో గర్భిణులూ చిన్నపిల్లలూ ఉంటే రాగి గుండు కొనండి, ధర కొంచెం ఎక్కువ. గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారేయండి.

ఇంజనీరు గారికి ఫోనులో ఇదంతా చెప్పలేదు. ఆగస్టులో ఒక శనివారం అబ్బాయిని తీసుకురమ్మన్నాము. చెవులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు మా దగ్గర ఉన్నాయి. పాయింటు 22 ఉంది, 308 ఉంది, పెద్దాయన తన మనవరాలి 243 తెస్తానన్నాడు. ఉత్త తూటా పరీక్ష మేమే పెడతాము. అబ్బాయి తల్లి కూడా వస్తే మంచిది. మా ఆవిడ ఆమెతో విడిగా మాట్లాడతానంది. ఏం మాట్లాడుతుందో మాకు చెప్పలేదు.