గుర్రానికి పెట్టే మందు

లీ బార్డుగో నవల ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ 2015లోను, దాని తరువాయి భాగం ‘క్రుకెడ్ కింగ్‌డమ్’ 2016లోను వెలువడ్డాయి. పుస్తకాల దుకాణాల్లో ఇవి యువపాఠకుల అరలో ఉంటాయి. పెద్దలు వీటిని గురించి మాట్లాడవలసి వస్తే తరచు ఒక్క వాక్యంతో సరిపెడతారు: మాదకద్రవ్యాల జోలికి పోవద్దని పిల్లలకు చెప్పే మంచి పుస్తకాలు. ఆ వాక్యం తల్లిదండ్రులకు ఊరటనిస్తుంది. అయితే అది తప్పు. ఈ నవలల్లో మందు ఉన్నది నిజమే కాని, వీటి విషయం మందు కాదు, దానిని మరొకరి చేత మింగించే చేయి. ఆ చేతిని వదిలేసి మందును మాత్రమే చూపించే పఠనం పుస్తకానికీ అన్యాయం, దాన్ని చదివే పిల్లలకూ అన్యాయం. (కథలోని మలుపులు ముందుగా తెలియడం ఇష్టం లేనివారు నవలలు ముగించాకే ఈ వ్యాసం చదవడం మేలు.)

కథాలోకంలో గ్రిషాలనే వారుంటారు. పుట్టుకతోనే వారికి పదార్థం మీద అధికారం. కొందరు గాయాలు మాన్పగలరు, కొందరు ఎదుటివారి గుండె ఆపగలరు, మరికొందరు నీటినో నిప్పునో శాసించగలరు. యుర్డా అనే మొక్క ఆ లోకంలో సర్వసాధారణమైన ఉత్తేజకం. నిద్ర ఆపుకోవడానికి జనం నమిలేది. షు హాన్ దేశపు శాస్త్రవేత్త బో యుల్-బాయుర్ దాని నుంచి యుర్డా పారెం తయారుచేస్తాడు. అతని ఉద్దేశం వేరు. గ్రిషాలను పట్టి ప్రయోగాలు చేసే దేశంలో తన కొడుకుకున్న శక్తిని దాచిపెట్టగల మందు కోసం అతడు వెదికాడు. దొరికింది దానికి నేర విరుద్ధం. పారెం గ్రిషా శక్తిని ఊహకందనంతగా పెంచుతుంది, ఒక్క మోతాదుతో బానిసను చేస్తుంది, కొద్దికాలంలో చంపుతుంది.

మొదటి అధ్యాయాన్ని శ్రద్ధగా చదివిన వారికి ఈ కథ ఎవరి గురించో సందేహం ఉండదు. కెటర్‌డామ్ అనే వర్తక నగరంలో హూడ అనే ధనికుని ఇల్లు. అక్కడ అన్యా అనే యువతి ఒప్పంద దాస్యంలో ఉంది. ఆమె వృత్తి గాయాలు మాన్పడం. యజమాని, అతని తోటి పెద్దలు ఒక పిల్లవానికి గాయం చేయించి ఆమె చేత మాన్పిస్తారు. తరువాత ఆమెకు పారెం ఇచ్చి మళ్ళీ పరీక్షిస్తారు. ఆమె ఆ మందును కోరలేదు, కొనలేదు, అది ఏమిటో కూడా ఆమెకు తెలియదు. ఆమెను పరికరంగా చూసినవారు పరికరం పదును పెంచి చూసుకున్నారు, అంతే. తెలుగు నేల నుంచి మారిషస్‌కు, నటాల్‌కు ఒప్పంద పత్రాల మీద వేలిముద్రలు వేసి వెళ్ళిన కూలీల చరిత్ర తెలిసిన పాఠకునికి హూడ ఇంట్లోని ఆ పత్రం అపరిచితంగా తోచదు.

కథ సాగేకొద్దీ ఆ చేతులు పెరుగుతాయి. ఫ్యెర్డా దేశం గ్రిషాలను మంత్రగత్తెలని ద్వేషిస్తుంది, అయినా బందీలైన గ్రిషాలకు అదే మందు పెట్టి వారి చేత పని చేయించుకుంటుంది. షు హాన్ అదే మందుతో సైనికులను మలచుకుంటుంది. వాన్ ఎక్ అనే వర్తకుడు లోకాన్ని పారెం నుంచి కాపాడాలంటూ కాజ్ బ్రెకర్ ముఠాను మూడు కోట్ల క్రూగెల బేరంతో కోటలోకి పంపుతాడు. చివరికి తేలేదేమిటంటే, యుర్డా పొలాలను రహస్యంగా కొని పెట్టుకున్నది ఆయనే. పారెం రహస్యం బయటపడాలి, యుర్డా ధర ఆకాశానికి ఎక్కాలి, అదే ఆయన లోకకల్యాణం. వీధిలో మందు అమ్మే చిల్లర మనిషి ఈ కథలో ముఖ్యపాత్ర కాకపోవడం యాదృచ్ఛికం కాదు. మందు వీధికి చేరకముందే రాజ్యం, సైన్యం, సంత దాన్ని పంచుకున్నాయి.

ఇది కేవలం కల్పన అనుకునేవారు చరిత్ర తిరగేయవచ్చు. ఎఫెడ్రా మొక్క నుంచి ఎఫెడ్రిన్‌ను 1885లో వేరుచేసిన జపాన్ రసాయన శాస్త్రవేత్త నగాయి నగయోషి, 1893లో దాని నుంచి మెథాంఫెటమిన్ తయారుచేశాడు. ఆకు నుంచి సారానికి, సారం నుంచి ఆయుధానికి సాగిన ఆ దారి యుర్డా నుంచి పారెం దాకా సాగిన దారే. 1938లో బెర్లిన్‌లోని టెమ్లర్ సంస్థ అదే పదార్థాన్ని పెర్విటిన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. 1940 ఏప్రిల్, జులై నెలల మధ్య జర్మన్ సైన్యానికి, వైమానిక దళానికి అందిన పెర్విటిన్, ఐసోఫాన్ మాత్రలు మూడున్నర కోట్లకు పైమాటే. ఫ్రాన్స్ మీదికి నిద్ర లేకుండా దూసుకుపోయిన ఆ సైనికులను వ్యసనపరులని నాడు ఎవరూ పిలవలేదు.

పేర్లలోనే అసలు సంగతి బయటపడుతుంది. జపాన్‌లో ఇదే మందు 1941లో ఫిలోపాన్ పేరుతో వచ్చింది. శ్రమను ప్రేమించడమనే అర్థం గల గ్రీకు మాట నుంచి తీసిన పేరది. యుద్ధం ముగిశాక మిగిలిన నిల్వలు జనంలోకి వచ్చి పడ్డాయి, వాడకం అదుపు తప్పింది, 1951లో దాన్ని అరికట్టడానికి చట్టం చేయవలసి వచ్చింది. థాయ్‌లాండ్‌లో రాత్రంతా లారీలు నడిపేవారు, కాయకష్టం చేసేవారు మింగే మెథాంఫెటమిన్ మాత్రకు తొలినాళ్ళ పేరు ‘యా మా’, అంటే గుర్రపు మందు. 1990లలో ప్రభుత్వం దాన్ని ‘యా బా’గా మార్చింది, అంటే పిచ్చి మందు. గుర్రం తన కోసం పరుగెత్తదు, రౌతు కోసం పరుగెత్తుతుంది. పరుగు కావలసినంత కాలం అది గుర్రపు మందు. గుర్రం అదుపు తప్పిన నాడు పిచ్చి మందు. మందు మారలేదు, అవసరం మారింది.

తూర్పు జర్మనీ ఉదాహరణ ఇంకా నగ్నమైనది. 1974లో అక్కడి ప్రభుత్వం 14.25 అనే సంఖ్యతో ఒక రహస్య ప్రణాళిక రూపొందించి క్రీడాకారులకు పురుష హార్మోన్ జాతి మందులు పెట్టించింది. ఓరల్-ట్యూరినాబోల్ అనే నీలిరంగు మాత్రను విటమిన్ అని చెప్పి ఈత కొలనుల్లో ఆడపిల్లల చేత మింగించారు. గొంతులు బొంగురుపోయాయి, కాలేయాలు దెబ్బతిన్నాయి, పతకాలు వచ్చాయి. 2000లో బెర్లిన్ న్యాయస్థానం క్రీడాధికారి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను, వైద్యుడు మాన్‌ఫ్రెడ్ హోప్నర్‌ను దోషులుగా తేల్చింది. ఇద్దరూ జైలుకు వెళ్ళనక్కరలేని శిక్షలతో బయటపడ్డారు. హూడ ఇంటి ప్రయోగశాలలో ఒక వైద్యుడు నిలబడి ఉంటే ఆ దృశ్యానికి కొత్తగా చేరేదేమీ ఉండదు. వైద్యవృత్తి ఈ సంగతిని మరచిపోకూడదు.

ఇంతవరకు బార్డుగో చూపు సూటిగా ఉంది. ఆమె తడబడిన చోట్లు రెండున్నాయి, అవి చిన్నవి కావు.

మొదటిది మందు ఇచ్చే వరం. పారెం నిజంగానే మనిషిని దేవతను చేస్తుంది. కాల్పనిక సాహిత్యంలో ఈ జాతి మందులన్నిటికీ ఉన్న జబ్బు ఇదే: మూల్యం ఎంత ఘోరమైనా, చేతికందే శక్తి మాత్రం అసలైనది. వాస్తవంలో ఉత్తేజకాలు శక్తిని సృష్టించవు. అలసట అనే హెచ్చరిక గంటను చెవిన పడనీయవు, అంతే. 1967 జులై 13న టూర్ ద ఫ్రాన్స్ పోటీలో మాంట్ వెంటూ కొండ ఎక్కుతూ బ్రిటిష్ సైక్లిస్టు టామ్ సింప్సన్ కూలిపోయి మరణించాడు, వయసు 29. ఒంట్లో ఆంఫెటమిన్, మద్యం, మీద మండుటెండ. ఆగమని శరీరం చెప్పిన మాట అతనికి వినబడలేదు. మెదడు విషయంలోనూ ఇంతే. 2023లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 40 మందికి మిథైల్‌ఫెనిడేట్, మొడాఫినిల్, డెక్స్‌ట్రోఆంఫెటమిన్‌లలో ఒక్కొక్కటి వేర్వేరు రోజుల్లో ఇచ్చి క్లిష్టమైన లెక్కలు చేయించారు. వారు పడిన శ్రమ పెరిగింది, ఆ శ్రమ నాణ్యత తగ్గింది. తెలివి మాత్ర అని పేరు పడ్డది తెలివిని పెంచలేదు. ఈ నిజాన్ని ఏ మాంత్రిక నవలా చెప్పదు, ఎందుకంటే అందులో కథ లేదు. కాని పదహారేళ్ళ పాఠకుడి మనసులో నిలిచేది శిక్ష కాదు, నీనా జెనిక్ ఒంటరిగా సైన్యాన్ని ఆపేసిన ఆ వెలుగు.

రెండవది ఒక్క మోతాదు పురాణం. ఒకసారి ముట్టుకుంటే సర్వనాశనం అనే బోధ పాఠశాలల గోడలకు సరిపోతుంది, వైద్యానికి సరిపోదు. ఒకసారి వాడిన వారిలో చాలామందికి మరునాడు ఏమీ కాదు. అప్పుడు వారు పెద్దలు చెప్పినదంతా అబద్ధమని తేల్చుకుంటారు; అందులో కలిసి ఉన్న నిజాలు కూడా కొట్టుకుపోతాయి. నవలలో నీనా మందు మానేటప్పుడు మృత్యుముఖందాకా వెళ్ళివస్తుంది. ఉత్తేజకాలు మానితే సాధారణంగా వచ్చేది అంతులేని నిద్ర, ఆకలి, లోతైన నిస్పృహ; ఆ నిస్పృహలో ఆత్మహత్య ప్రమాదం ఉంటుంది, దాన్ని తేలికగా తీసుకోరాదు. హఠాత్తుగా మానితే మూర్ఛలతో నేరుగా ప్రాణం తీయగలవి మద్యం, నిద్రమాత్రల జాతి మందులు. తెలంగాణ పాఠకులకు దీనికి నవల అక్కరలేదు. 2015లో అల్ప్రాజొలం వంటివి కలిపిన కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు వణుకుతూ, మతి తప్పి ఆసుపత్రులకు చేరాయి. ఆ రోగులు వరం కోరి తాగినవారు కారు. పగలంతా కష్టపడి సాయంత్రం కల్లు దుకాణానికి వెళ్ళినవారు. అందులో ఏమి కలిసిందో అన్యాకు తెలియనట్టే వారికీ తెలియదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. నీనాకు ఎవరూ బలవంతంగా పోయలేదు కదా, తానే ఎంచుకుంది కదా? నిజమే. పారెం తీసుకున్నప్పుడు ఆమె వెనుక స్నేహితులు, ఎదుట ఫ్యెర్డా సైన్యం. దాన్ని ఎంపిక అనవచ్చు, స్వేచ్ఛ అనడం కష్టం. హైన్రిక్ బోల్, తరువాత 1972లో నోబెల్ పురస్కారం పొందిన రచయిత, సైనికుడిగా ఉన్న రోజుల్లో పెర్విటిన్ పంపమని ఇంటికి ఉత్తరాలు రాశాడు. అడిగింది అతడే. కాని ఆ నిద్రలేని రాత్రులను అతనికి కేటాయించింది అతడు కాదు. మనిషి తానే చేయి చాచినంత మాత్రాన, చేయి చాచక తప్పని స్థితికి అతణ్ణి నెట్టినవారి బాధ్యత తీరిపోదు.

అందుకే ఈ నవలలను మాదకద్రవ్య హెచ్చరికగా పిల్లల చేతికిచ్చి ఊరుకునే పెద్దలు తమను తాము తప్పించుకుంటున్నారు. ప్రవాస తెలుగు ఇళ్ళలో పరీక్షల కాలం ఎలా ఉంటుందో తెలిసినదే. తొంభై ఎనిమిది వస్తే తక్కిన రెండూ ఏమయ్యాయని అడిగే ఇల్లు, ఎవరి పిల్లలకు ఏ కళాశాలలో చోటు దొరికిందో భోజనాల దగ్గర లెక్కకట్టే విందులు, నిద్రపోవడం సోమరితనమని తీర్పు. ఆ వాతావరణంలో పెరిగిన విద్యార్థి స్నేహితుడి మాత్ర ఒకటి అడిగి తీసుకుంటే తప్పు మాత్రదనీ, స్నేహితుడిదనీ తేల్చేయడం సులభం. హూడ కూడా అలాగే తేల్చి ఉండేవాడు.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. శ్రద్ధాలోప రుగ్మత ఉన్న పిల్లలకు వైద్యుడు పరీక్షించి, తగు మోతాదులో, పర్యవేక్షణలో ఇచ్చే ఉత్తేజకం ఈ చర్చలోకి రాదు. అది రోగి కోసం ఇచ్చే మందు. ఆపవలసి వస్తే ఆపుతారు, ఆపినందుకు రోగిని నిందించరు. ఒకే రసాయనం ఒకచోట చికిత్స, మరొకచోట కొరడా కావడానికి కారణం అది ఎవరి ప్రయోజనానికి పనిచేస్తోందన్నదే. వ్యసనంలో పడిన వారికి కూడా దారి మూసుకుపోలేదు. మెథాంఫెటమిన్ వ్యసనానికి ఆమోదం పొందిన ప్రత్యేకమైన మాత్ర అమెరికాలో ఇంకా లేదు, అయినా క్రమబద్ధమైన ప్రవర్తనా చికిత్సతో బయటపడినవారు ఉన్నారు. ఒక్క మోతాదుతో అంతా అయిపోయిందని నమ్మినవారు ఆ తలుపు తట్టరు. పురాణం చేసే అసలు హాని అదే.

లోపాలున్నా ఈ రెండు నవలలూ పిల్లలు చదవదగినవి, పెద్దలు వారితో కలిసి చదవదగినవి. చదివాక పిల్లలను అడగవలసిన ప్రశ్న పారెం ఎంత ప్రమాదకరమని కాదు. అది ఏ పిల్లవాడైనా చెబుతాడు. అన్యాకు ఆ మందు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఆ గదిలో నోరు విప్పగలిగి ఉండీ విప్పనివారు ఎవరు అని అడగాలి. జవాబులు చెబుతూ చెబుతూ పిల్లలు తమ ఇంటి సంగతికి వస్తే, పెద్దలు మాట మార్చకుండా వినాలి.