డ్యాష్‌బోర్డుకు జనం నాడి అందదు

2024 మే 16. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పోలింగ్ ముగిసి మూడు రోజులైంది. అప్పటి ముఖ్యమంత్రి, వైసీపీ అధినేత జగన్మోహన్ రెడ్డి విజయవాడలో తన ఎన్నికల వ్యూహ సంస్థ ఐప్యాక్ కార్యాలయానికి వెళ్లి, 2019లో వచ్చిన 151 స్థానాలకన్నా ఎక్కువే గెలవబోతున్నామని ఆ బృందానికి ధైర్యం చెప్పి వచ్చారు. జూన్ 4న ఓట్లు లెక్కిస్తే 11 స్థానాలు తేలాయి. అంతకు ఐదేళ్ల ముందు ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు నాయుడికి జరిగిందీ ఇదే. వెలగపూడి సచివాలయంలో రియల్ టైమ్ గవర్నెన్స్ (ఆర్టీజీఎస్) తెరల మీద ప్రజల సంతృప్తి శాతాలు వెలుగుతూ ఉండగానే తెలుగుదేశం 23 స్థానాలకు పడిపోయింది. 2019లో గెలిపించిందని పేరు తెచ్చుకున్న సంస్థే 2024లో ఓడిన పక్షాన నిలిచింది. పనివాళ్లూ వాళ్లే, పనిముట్లూ అవే. మారింది జనం మనసు. దాన్ని ముందే పట్టిస్తామన్నవారికే అది పట్టుబడలేదు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ సంగతి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడి 14 అసెంబ్లీ స్థానాల్లో 2014లో తెలుగుదేశానికి 12, వైసీపీకి 2 దక్కాయి. 2019లో అంకెలు అవే, పార్టీలు తారుమారు. 2024లో పద్నాలుగుకు పద్నాలుగూ తెలుగుదేశం కూటమి పరం. ఇంతింత ఊపులు వచ్చే నేలమీద లైకులు, షేర్లు, హ్యాష్‌ట్యాగులు లెక్కపెట్టి ప్రజాభిప్రాయం ఇదీ అని చెప్పడం సాహసం. ఆ లెక్క చూసి పాలించడం అంతకన్నా పెద్ద తప్పు.

మా మాట సూటిగా చెబుతాం. రాజకీయ వార్తల మీద పౌరులు ఆన్‌లైన్‌లో ఏమనుకుంటున్నారో కనిపెట్టే పనికి ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు. పార్టీలు సొంత సొమ్ముతో ఆ పని చేయించుకుంటే ఎవరికి ఎంత ఇచ్చారో జనానికి చెప్పి తీరాలి.

ఈ విశ్లేషణ ఎలా సాగుతుందో సామాన్యుడికి ఎవరూ విడమరిచి చెప్పరు. ఒక నాయకుడి పేరో పథకం పేరో ఇచ్చి, ఆ మాట ఉన్న పోస్టులన్నిటినీ సాఫ్ట్‌వేర్ చేత పోగేయిస్తారు. ఒక్కో పోస్టు మీద పాజిటివ్, నెగిటివ్, న్యూట్రల్ అని ముద్ర పడుతుంది. ఎవరి పోస్టు ఎందరికి చేరింది, ఎవరెవరు ఎవరి మాటను మోస్తున్నారు అన్నది గీతల బొమ్మగా మారుతుంది. చివరికి నాయకుడి చేతికి వెళ్లేది ఒక శాతం, దాని పక్కన ఒక పచ్చ బాణమో ఎర్ర బాణమో.

ఆ శాతం వెనక ఎన్ని పొరపాట్లు ఉంటాయో చూడండి. మన యువకుల్లో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, ఒకే మాటను పది రకాలుగా రాస్తారు. వెటకారం రాయలసీమవాసికి ఊపిరి. "మా ఊరి రోడ్డు బలే ఉందప్పా, దాండ్లోనే ఈత కూడా నేర్సుకోవచ్చు" అని ఎవరైనా రాస్తే యంత్రం దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టే ప్రమాదం ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2017లో తెలుగు భావ విశ్లేషణ కోసం మనుషుల చేత గుర్తులు పెట్టించి ఇచ్చిన భాండాగారంలో ఉన్నవి ఐదు వేల పైచిలుకు వాక్యాలు. అవీ వార్తల్లోంచి తీసుకున్నవి. మెచ్చదగిన కృషే, కాదనం. తర్వాత యంత్రాలు చాలా మెరుగుపడ్డాయి, అదీ నిజమే. అయినా పేపరు తెలుగు మీద సాగిన చదువుకూ కదిరి బస్టాండు తెలుగుకూ మధ్య దూరం చాలా ఉంది.

భాష సంగతి పక్కన పెడదాం. అసలు మాట్లాడుతున్నది ఎవరు? వాన రాక పంట ఎండి, ఇల్లు తాళం వేసి బెంగళూరు కట్టడాల దగ్గర కూలికి పోయిన కుటుంబం ఒకవేళ పోస్టు పెట్టినా, అది కర్ణాటక లెక్కలోకి పోవచ్చు. డల్లాస్‌లో తీరిగ్గా కూర్చున్న అభిమాని పెట్టిన ఇరవై పోస్టులు మాత్రం అనంతపురం వార్త మీద స్పందన కింద నమోదు కావచ్చు. పల్లెల్లో నిజంగా మాట నడిచేది వాట్సాప్ గ్రూపుల్లో, రచ్చకట్ట మీద. వాట్సాప్ సందేశాలు గుప్తంగా పోతాయి కనుక ఈ సాఫ్ట్‌వేర్ వాటిని చూడలేదు. రచ్చకట్ట మాట ఎవరి సర్వర్‌కూ ఎక్కదు. మిగిలేది పార్టీల సోషల్ మీడియా విభాగాలు ఒకరి మీద ఒకరు విసురుకునే మాటలు. తాము పోసిన నీళ్లనే కొలిచి, చెరువు నిండిందని పార్టీలు సంబరపడుతున్నాయి.

హంద్రీ-నీవా సాగునీటి పథకాన్నే తీసుకోండి. ఆన్‌లైన్‌లో ఏటా రగిలే వాదం ఆ నీళ్లు ఎవరు తెచ్చారన్నది. రైతు అడిగేది పిల్లకాలువలు ఎప్పుడు తవ్వుతారని. మొదటిది ట్రెండ్ అవుతుంది, రెండోది కాదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఏ ప్రశ్న ముఖ్యమో తేల్చడానికి డ్యాష్‌బోర్డు అక్కర్లేదు.

ఈ పనిముట్టుతో ఇంకో చిక్కుంది, అది ప్రమాదకరమైనది. జనం మనసు తెలుసుకోవడానికి కొరగాని ఇదే పరికరం, ఫలానా మాట అన్నది ఎవరో పట్టుకోవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. 2017 ఏప్రిల్‌లో తెలుగుదేశం హయాంలో ఒక ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుణ్ణి వ్యంగ్య చిత్రాల మీద అరెస్టు చేశారు. 2020లో వైసీపీ హయాంలో విశాఖ గ్యాస్ లీకేజీ మీద పోస్టు పెట్టిన ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు పెట్టింది. 2024 నవంబరులో మళ్లీ కూటమి హయాంలో వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తల మీద రాష్ట్రమంతటా వరుస కేసులు. వీటిలో కొన్ని పోస్టులు నిజంగానే నీచమైనవి, ఆడవాళ్లను ఉద్దేశించి రాయకూడని రాతలు. వాటికి ఫిర్యాదు, కేసు, కోర్టు ఉన్నాయి. అందుకోసం అందరి మాటా వినాల్సిన పనిలేదు.

అనంతపురం జిల్లా తాడిపత్రిలో సాఫ్ట్‌వేర్ కూడా అవసరం పడలేదు. 2020 డిసెంబరు 24న, సోషల్ మీడియాలో తిరుగుతున్న ఒక పోస్టు మీద కోపంతో అప్పటి వైసీపీ ఎమ్మెల్యే కేతిరెడ్డి పెద్దారెడ్డి, తెలుగుదేశం నాయకుడు జేసీ ప్రభాకర్ రెడ్డి ఇంటికే వెళ్లారు. రాళ్లు లేచాయి, పట్టణంలో 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఎవరు ఏమన్నారన్న ఆరా ఈ నేల మీద ఎక్కడికి దారితీస్తుందో తెలిసీ, ఆ ఆరాను యంత్రాలకు అప్పగించి వేగం పెంచుతామనడం బాధ్యత లేని పని.

కేంద్రం 2018లో సోషల్ మీడియా కమ్యూనికేషన్ హబ్ పేరుతో ఇలాంటిదే తలపెట్టింది. అది నిఘా రాజ్యాన్ని సృష్టించినట్టే అవుతుందని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించాక ఆగస్టులో ప్రతిపాదనను ఉపసంహరించుకుంది. ఆ వ్యాఖ్య అమరావతికి వర్తించదా? 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం ఈ విషయంలో అక్కరకు రాదు. పౌరుడు తానే బహిరంగంగా పెట్టిన సమాచారాన్ని ఆ చట్టం తన పరిధిలోంచి తప్పించింది. 2019 మార్చిలో ఐటీ గ్రిడ్స్ వ్యవహారం బయటపడినప్పుడు తెలుగుదేశం వాడిన సేవామిత్ర యాప్ చుట్టూ ఓటర్ల డేటా చోరీ ఆరోపణలు వచ్చాయి. మా డేటానే మీరు దోచారని తెలుగుదేశం వైసీపీ మీద ఎదురు ఆరోపణ చేసింది. రెండు పార్టీలూ డేటా కోసం పోట్లాడుకున్నాయి తప్ప, ఆ డేటా అసలు సొంతదారైన ఓటరు తరఫున ఎవరూ మాట్లాడలేదు.

పార్టీల లెక్కలను సరిచూడగల బయటివాళ్ల చేతులు కూడా ఖాళీ అయ్యాయి. పరిశోధకులకు ట్విటర్ ఉచితంగా ఇచ్చిన ప్రవేశం 2023లో పోయింది. బహిరంగ పోస్టుల వ్యాప్తిని చూపే క్రౌడ్‌ట్యాంగిల్‌ను ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2024 ఆగస్టులో మూసేసింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి తన జిల్లా ఎన్నికల ప్రచారంలో దొంగ ఖాతాల వాటా ఎంతో తేల్చాలనుకుంటే దారి దాదాపు మూసుకుపోయింది. డబ్బున్న పార్టీకి మాత్రం తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి.

సోషల్ మీడియా ప్రచారానికి అయ్యే ఖర్చును, అందులో పనిచేసేవారి జీతాలతో సహా, అభ్యర్థి ఖాతాలో చూపాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. పార్టీకి పరిమితే లేదు. అందుకే ఈ బేరాలన్నీ పార్టీ పేరుతో సాగుతాయి. ఈ కంత పూడ్చాల్సింది ఎన్నికల సంఘం, పార్లమెంటు.

వినాలన్న బుద్ధి ఉంటే దారులు లేకపోలేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి రికార్డుగా చెప్పుకున్నారు. ప్రతి సోమవారం కలెక్టరేట్ ముందు అర్జీలు పట్టుకుని జనం నిలబడుతున్నారు. పేరూ ఊరూ చెప్పి, ఎండలో నిల్చుని, సంతకం పెట్టి ఇచ్చిన మాటకన్నా గట్టి ప్రజాభిప్రాయం ఏ కంపెనీ అమ్ముతుంది? శింగనమల, మడకశిర, కళ్యాణదుర్గం గ్రామసభల్లో ఏమేమి అడిగారో, అందులో ఎన్ని జరిగాయో ఊరివారీగా బయట పెట్టమనండి.

సోషల్ మీడియా నియంత్రణ మీద రాష్ట్ర ప్రభుత్వం 2025లో మంత్రుల బృందాన్ని వేసింది. పౌరుడి నోటికి కొత్త నిబంధన రాసేముందు ఆ బృందం ప్రభుత్వాన్నే కొన్ని విషయాలు అడగాలి. పౌరుల పోస్టులను గమనించే పని ఏ శాఖ, ఏ కంపెనీ చేత చేయిస్తోంది? ఎంత చెల్లిస్తోంది? సేకరించినది పోలీసులకు చేరుతోందా? పార్టీ కార్యాలయానికి చేరుతోందా? జవాబులు అసెంబ్లీలో లిఖితపూర్వకంగా పెట్టాలి. 2014 నుంచి పాలించిన మూడు ప్రభుత్వాల ఒప్పందాలూ అందులో ఉండాలి. అవి సభ ముందుకు వచ్చేదాకా కొత్త నిబంధనల ముసాయిదాను పక్కన పెట్టాలి.