కిటుకు, కనికట్టు, కపటము

పిల్లలు గల యింట "గిమ్మిక్కు" అను మాట నేడు వినబడని దినము లేదు. టీవీలో కుస్తీ చూచు కుమారుడు ఫలానా మల్లుని గిమ్మిక్కు బహు బాగున్నదనును. బజారునుండి వచ్చిన యింటి యజమానుడు, ఒకటి కొన్నచో మరియొకటి యుచితమను ప్రకటన వట్టి గిమ్మిక్కని విసుగుకొనును. క్రొత్త సినిమాను చూచివచ్చిన పొరుగామె, కథ యేమియు లేదు, గిమ్మిక్కులే యున్నవని పెదవి విరుచును. ఒకే మాటను ఒకరు మెచ్చుకోలుగా, మరియొకరు నిందగా వాడుచున్నారు. ఈ మాసమున దాని యర్థమును కొంచెము విచారింతము. ఇది కేవలము నిఘంటుచర్చ కాదు. మన బిడ్డల కన్నులకును, మన కొంగుముడిలోని రూకలకును సంబంధించిన విషయము.

ఈ మాట అమెరికా దేశమున పుట్టినది. 1926లో అచ్చయిన అచ్చటి పలుకుబళ్ళ నిఘంటువొకటి, న్యాయముగా సాగవలసిన యాటను వంకర చేయు సాధనమని దీనికి అర్థము చెప్పినది. అనగా జాతరలో జూదము నడుపువాడు తనకు వలసినట్లు ఆట ముగియుటకై చాటున అమర్చుకొను చిన్న యేర్పాటు. తరువాత గారడివాని చేతిలోని రహస్యసాధనమునకును, ఆపిమ్మట జనుల దృష్టిని లాగుటకై చేర్చు ప్రతి విశేషమునకును ఈ పేరు వ్యాపించెను. పుట్టుకలో మోసము, నడిమి వయసున విద్య, నేడు వ్యాపారము – ఇదియే ఆ మాట జాతకము.

మన భాషలో ఈ మూడింటికిని వేరువేరు మాటలున్నవి. పని నెరవేర్చు లోపలి యుపాయము కిటుకు. చూపరి కన్నును కట్టివేసి సంతోషపెట్టు విద్య కనికట్టు. చూపరికి తెలియనీయక వాని సొమ్మునో నమ్మికనో హరించునది కపటము. ఇంగ్లీషువారు ఒక్క సంచిలో వేసిన మూడింటిని మనము మరల చెరిగి వేరు చేసికొనవలసియున్నది. చేటలో బియ్యము చెరుగుట తెలిసిన చేతులకు ఇది కష్టమైన పని కాదు.

ఇందుకు మన కడపసీమలోనే చక్కని యుదాహరణము కలదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారును వారి బంధువర్గమును "కీచకవధ" నాటకము నాడిరి. అంతకు పూర్వము ఆ కుటుంబములవారు తోలుబొమ్మలాటవారు. దీపమునకును తెరకును నడుమ బొమ్మనుంచి, గోరంతదానిని కొండంతగా చూపుట తెలిసినవారికి, రంగస్థలముపై వెలుగును చీకటిని వాడుకొనుట క్రొత్త విద్య కాదని మాకు తోచుచున్నది. ఆ గ్రామము పేరే వారికి ఇంటిపేరువలె నిలిచిపోయినది.

సురభివారి నాటకమున నారదుడు మేఘముల నడుమనుండి దిగివచ్చును. ఒకరి బాణమును ఒకరి బాణము నడియాకాశమున తాకి నిప్పులు రాల్చును. రంగస్థలముపై వాన కురియును. ఇదంతయు నల్లని తెరముందు కనబడని సన్నని తీగెల పని, కప్పీల పని, కొయ్యచట్రముల పని. ప్రక్కతెరల చాటున త్రాళ్ళు పట్టుకొని నిలిచినవారు ఆ యింటివారే. పురుషులే స్త్రీవేషములు ధరించుచుండిన కాలముననే సురభివారి యాడువారు రంగస్థల మెక్కి సుభద్రలుగా, శశిరేఖలుగా నటించిరి. తల్లియు, కూతురును, కోడలును ఒకే నాటకమున ఉండుట వారికి వింత కాదు.

అచ్చట కూర్చున్న చూపరికి తీగె యున్నదని తెలియదా? తెలియును. పసిపిల్లలకు సైతము కొంత తెలియును. అయినను చప్పట్లు కొట్టుదురు. ఏలనన, కనికట్టు అచ్చట కథకు దాసియై నిలిచినది. ఘటోత్కచుడు మాయావి కావున మాయ చూపవలసివచ్చినది. తీగె రహస్యము బయటపడినను పద్యము మిగిలియుండును, నటుల సాహసము మిగిలియుండును, క్షణము తప్పక త్రాడు లాగిన చేతుల నేర్పు మిగిలియుండును. కిటుకు తెలిసిన పిమ్మట ఏమి మిగులుననునదే గిమ్మిక్కునకు ఒరపిడిరాయి యని మేము తలంచుచున్నాము. సినిమాలు వచ్చి, ఎగురు రథములు వింత కాకుండ పోయిన పిమ్మట సురభి నాటకసమాజముల సంఖ్య తగ్గినమాట నిజమే. కాని ఆ విద్య అంతరించలేదు. 2013లో సురభి నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది.

ఆ సినిమాలలో పేరుపొందినది 1957లో వచ్చిన "మాయాబజార్". దానిని దర్శించిన కె. వి. రెడ్డిగారిది అనంతపురము జిల్లా తాడిపత్రి. నిర్మాతలలో నొకరైన బి. నాగిరెడ్డిగారిది కడప జిల్లా పొట్టిపాడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. అందులో ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు వానంతట నవియే ఎగిరిపోవు ఘట్టమును చూచి నవ్వనివారుందురా? కెమెరాను ఆపుచు, వస్తువును కొంచెముకొంచెముగా జరుపుచు, ఒక్కొక్క చిత్రముగా తీయు ఉపాయముచేత అట్టి వింతలు సాధ్యమగును. నేడు పాఠశాలకు పోవు బాలుడు చేతిలోని ఫోనుతో అంతకు మించిన వింతను నిమిషములో చేయగలడు. అయినను ఆ ఘట్టము పాతబడలేదు. ఎస్. వి. రంగారావుగారి మొగమున కనబడిన ఆకలియు, ఆనందమును ఏ యంత్రము చేసినవి కావు. లడ్డూ యెగురుట కిటుకు. మనము చూచునది ఆయన మొగము.

ఇక కుస్తీ. టీవీలో కనబడు అమెరికా కుస్తీలో గిమ్మిక్కనగా మల్లుడు ధరించు పాత్ర. ఒకడు శవపేటికనుండి లేచివచ్చినవానివలె నల్లని దుస్తులు ధరించును, ఒకడు రాజువలె కిరీటము పెట్టుకొనును, ఒకడు దుష్టుడై జనులచేత తిట్లు తినును. మన పల్లెలలోని పగటివేషములకు ఇది దూరపు చుట్టము. ఎవరు గెలువవలెనో ముందే నిర్ణయింపబడును. దీర్ఘకాలము దానిని రహస్యముగా కాపాడిరి. 1989లో న్యూజెర్సీ రాష్ట్రమున, క్రీడలపై నుండు ప్రభుత్వ పర్యవేక్షణమునుండి తప్పించుకొనుటకై, ఆ వ్యాపారమున పెద్దదైన సంస్థయే ఇది క్రీడ గాదు, వినోదమని శాసనసభవారికి చెప్పుకొన్నది. రహస్యము బయటపడినను ఆట నశింపలేదు. ఏలనన చూచువారు కథకై వచ్చుచుండిరి.

కనుక బిడ్డలు ఆ కుస్తీని చూచిన కొంప మునుగదు. కాని తల్లులు రెండు మాటలు వారికి స్పష్టముగా చెప్పవలెను. ఫలితము ముందే నిర్ణయమైనను దెబ్బలు మాత్రము ఉత్తవి కావు. ఏండ్ల తరబడి పడుట నేర్చినవారికే మెడలు విరిగిన సందర్భములున్నవి. మిద్దెమీద తమ్ముని ఎత్తి పడవేయు బాలునికి వేషము తెలిసినదే గాని, వేషము వెనుకనున్న శిక్షణము తెలియదు. ఈ మాట చెప్పకుండ టీవీని మాత్రము కట్టివేసిన తల్లి సగము పనియే చేసినట్లు.

బలమునకు కనికట్టు తోడైన చక్కని రూపమును కూడ మన తెలుగుదేశము చూచినది. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు సర్కసు నడుపుచు, ఇనుపగొలుసులను తెంచి, ఱొమ్ముపై ఏనుగును నిలిపి కలియుగభీముడనిపించుకొనిరి. ఏనుగును తెచ్చుట జనులను రప్పించు ఉపాయమే. కాని ఆ యుపాయము క్రింద నిజమైన ఱొమ్ము ఉన్నది. మన కర్నూలు, కడప సీమల తిరునాళ్ళలో జరుగు బండలాగుడు పందెమును చూడుడు. ఎద్దుల పళ్ళనుబట్టి తరగతులు, అందరికిని ఒకే బండ, నిర్ణీతమైన కాలము, లాగిన దూరమునకు అడుగుల లెక్క. కొమ్ములకు రంగులు, మెడకు పూలదండలు, డప్పులు ఎన్నియైన నుండనిమ్ము. బండ కదలనిదే రంగు గెలువదు.

ఆటబొమ్మల సంగతి చెప్పుచు మరియొక బండను తలంపక తీరదు. 1975లో అమెరికాలో గ్యారీ డాల్ అను ప్రకటనల రచయిత, మామూలు గులకరాళ్ళను గాలి తూట్లు గల అట్టపెట్టెలలో గడ్డిపై పండుకొనబెట్టి, పెంపుడు రాయి యను పేరున నాలుగు డాలర్లకు కొంచెము తక్కువగా అమ్మెను. రాతిని పెంచు విధమును బోధించు చిన్న పుస్తకమును దానితో నిచ్చెను. కొన్ని నెలలలో పది లక్షలకు పైగా అమ్ముడుపోయెను. మరి కొన్ని నెలలకు ఎవరును అడుగువారు లేకపోయిరి. బేతంచెర్లలోను, కడపబండ దొరకు పల్లెలలోను రాళ్ళ నడుమనే పుట్టి పెరిగిన మనకు ఇది వింతగా తోచవచ్చును. అయినను ఆయన కపటము చేయలేదు. పెట్టెలో రాయి యున్నదనియే చెప్పెను. జనులు రాతిని గాక ఆ హాస్యమును కొనిరి. హాస్యము ఒకసారి వినగానే తీరును కావున రాయి మూలపడినది.

పిల్లలకు అమ్ముచున్న గిమ్మిక్కులు అంత నిష్కపటములు కావు. తినుబండారముతో బొమ్మను చేర్చి, బొమ్మకొరకు తినుబండారమును కొనిపించుట ఒక పద్ధతి. లోపల ఏ బొమ్మ యున్నదో చెప్పక, కావలసినది దొరకువరకు మరల మరల కొనిపించుట మరియొక పద్ధతి. ఇది పూర్వపు జూదపుచక్రమునకు మనుమరాలు. ఆడుచున్నానని తెలియని పసివానిచేత ఆడించుచున్నారు గనుక దీనిని మేము కపటమునందే చేర్చుచున్నాము.

మూడవది ఇంకను జాగ్రత్తగా చూడవలసినది. నొక్కగానే వెలుగుచు పాడు చౌకబొమ్మలలో చాలవాని కిటుకు బొత్తామంత బ్యాటరీబిళ్ళ. దానిని పసిబిడ్డ మ్రింగినచో, గొంతుక దిగువ నిలిచిన రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చి పుండుచేయగలదు. మూతకు మర లేని బొమ్మను పసిబిడ్డ గల యింట ఉంచరాదు. మ్రింగినట్లు అనుమానము కలిగినను, వాంతి చేయింపక, వెంటనే ఎక్స్‌రే గల ఆస్పత్రికి పరుగెత్తవలెను. తెల్లవారనిమ్మని కూర్చుండరాదు.

మనకు చట్టముల యండయు కలదు. 2021 జనవరి 1 నుండి పదునాలుగేండ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెనని నియమమున్నది. నమోదైన హస్తకళాకారులు చేసిన బొమ్మలకు మినహాయింపు కలదు. కావున కొండపల్లి బొమ్మకో, ఏటికొప్పాక బొంగరమునకో ఆ గుర్తు లేదని వెనుకాడ నక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి 2022 జూన్‌లో వెలువడిన మార్గదర్శక సూత్రములు, కానుకలను ఎరచూపి పిల్లలచేత అవసరము లేని వస్తువులను కొనిపించు ప్రకటనలను నిషేధించినవి. అట్టివి కనబడినచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. ఆడవారి మాట ఎవరు విందురని ఊరకుండుట తగదు. ఇంటి సరకులలో విశేషభాగమును కొనుచున్నది మన చేతులే గదా.

బిడ్డ ఏడ్చి అడిగిన ప్రతిదానిని కాదనుమని మేము చెప్పుటలేదు. వింతను కోరుట పసితనపు ధర్మము. ఆశ్చర్యము లేని యిల్లు ఉప్పులేని పప్పు. కొనునపుడు మాత్రము ఇందులో కిటుకేమో చెప్పుమని బిడ్డనే అడుగుడు. కిటుకు కనుగొన్న పిమ్మట కూడ దానితో ఆడుకొందువా యని మరియొక ప్రశ్న వేయుడు. బొంగరమును విప్పి చూచిన బిడ్డకు కొయ్య తప్ప రహస్యమేమియు కనబడదు, అయినను మరునాడు త్రాడు చుట్టి మరల తిప్పును. సురభివారు మీ ఊరికి వచ్చినపుడు పిల్లలను తీసికొనిపొండు. నాటకము ముగిసిన పిమ్మట, వారు సమ్మతించినచో, తెరవెనుకకు తీసికొనిపోయి తీగెలను, కప్పీలను, త్రాళ్ళు లాగి కందిన చేతులను చూపుడు. ఆ చేతులను చూచిన బిడ్డకు ఏ వింత వెనుక శ్రమ యున్నదో, దేని వెనుక పెట్టె మాత్రమే యున్నదో క్రమముగా తానే తెలిసికొను చూపు అలవడును.