నల్లని అద్దాలన్నీ రక్షణ కావు

తాల్‌బగీచా అంటే తాటితోపు. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఈ పేటకు పేరు ఇచ్చిన తాటిచెట్ల నీడ వేసవి మధ్యాహ్నాల్లో ఎవరికీ చాలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సెలవుల్లో రెండే దారులు. ఒకటి దీఘా సముద్ర తీరం, రెండవది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు సొంత ఊరు. రెండు దారులూ సముద్రం ఒడ్డుకే చేరతాయి. ప్రయాణానికి ముందు బజారులో థర్మోకోల్ అట్టపై వరుసగా గుచ్చిన చలువ కళ్ళద్దాలలో పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి కొనడం ఆనవాయితీ. ఈ కొనుగోలులో చూసేది రెండే: ముఖానికి నప్పిందా, ధర కుదిరిందా? అద్దం కంటికి ఏమి చేస్తుందన్న ప్రశ్న తలెత్తడమే అరుదు.

తప్పు కొంత పేరులోనే ఉంది. 'కూలింగ్ గ్లాసులు' అనడంతో కంటికి చల్లగా ఉంటే చాలునన్న భావన స్థిరపడింది. కాని కంటికి హాని చేసే అతినీలలోహిత కిరణాలు కంటికి కనబడవు, వాటికీ అద్దం నలుపుకూ సంబంధం లేదు. ఆ కిరణాలను ఆపే గుణం లేని ముదురు అద్దం పెట్టుకుంటే, వెలుతురు తగ్గింది కాబట్టి కంటిపాప విచ్చుకుంటుంది. అద్దం లేనప్పుడు కళ్ళు చిట్లించుకుని పొందే సహజ రక్షణ కూడా పోతుంది. నల్లనివన్నీ నీళ్ళు కావన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. చూడవలసింది 400 నానోమీటర్ల వరకు కిరణాలను ఆపుతుందని తెలిపే 'యూవీ 400' గుర్తు. ఆ గుర్తు అంటించిన కాగితం నిజమో కాదో తేల్చుకోవాలంటే, కొలిచే పరికరం ఉన్న కళ్ళద్దాల దుకాణంలో ఒక్క నిమిషం పని.

ధర ఎక్కువైతే రక్షణ ఎక్కువన్న నమ్మకానికీ ఆధారం లేదు. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ స్వభావరీత్యానే ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది, దెబ్బ తగిలినా సులభంగా పగలదు. ఆ పదార్థంతో చేసిన చవక అద్దం కూడా పని చేస్తుంది. కొనేవాడికి అది పాలీకార్బొనేటో, మరొకటో తెలిసే మార్గం లేకపోవడమే అసలు సమస్య.

అతినీలలోహిత కిరణాల వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. శుక్లాలలో పది శాతం వరకు ఈ కిరణాల ప్రభావానికి ముడిపడి ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య నిర్వహించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో, కంటి తెల్లభాగంపై కండ పెరిగి నల్లగుడ్డు వైపు పాకే జబ్బు ఆరుబయట పని చేసేవారిలో అధికంగా కనిపించింది. సముద్రం దగ్గర కిరణాలు పైనుంచే కాక కింది నుంచీ తాకుతాయి. పొడి ఇసుక వాటిలో సుమారు 15 శాతాన్ని, అలల నురుగు 25 శాతాన్ని తిప్పి కొడతాయి. పలుచని మబ్బు వాటిని పెద్దగా అడ్డుకోదు. టోపీ ఉంది, మబ్బు పట్టింది అని ధీమా పడడానికి లేదన్న మాట.

2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన విశాఖ రుషికొండ తీరంలోనైనా, మరెక్కడైనా పడవ నడిపేవారికి, అలలపై పలకతో ఆడేవారికి అదనంగా కావలసింది పోలరైజ్డ్ అద్దం. నీటి మీద, తారురోడ్డు మీద పడి అడ్డంగా తిరిగి వచ్చే తళుకును అది కత్తిరిస్తుంది. అయితే పోలరైజ్డ్ అన్నంత మాత్రాన అతినీలలోహిత రక్షణ ఉన్నట్లు కాదు, అవి రెండూ వేర్వేరు గుణాలు. పైగా లోహంపై నుంచి వచ్చే తళుకు మీద దాని ప్రభావం స్వల్పం. రైలు పట్టాల వెంట పని చేసేవారు ఈ సంగతి గమనించాలి. సిగ్నళ్ళతో పని ఉన్నవారికి రంగుల మధ్య తేడాను చెరపని బూడిదరంగు అద్దమే తగినది. అన్నింటికన్నా ముదురుదైన నాలుగో తరగతి అద్దంతో వాహనం నడపకూడదని అంతర్జాతీయ ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి.

ఇక పర్యావరణం మాట. 'ప్రకృతికి మేలు' అన్న ముద్రతో వస్తున్న ఫ్రేములలో వెదురువి చూపులకు ముచ్చటగా ఉంటాయి. కాని నీళ్ళలో నాని ఉబ్బే గుణం ఉన్నదాన్ని నీటి క్రీడలకు అంటగట్టడం విడ్డూరం. అది ఊళ్ళో వాడుకకు పరవాలేదు. పత్తి గింజలపై మిగిలే నూగు, కలప గుజ్జుల నుంచి తయారయ్యే సెల్యులోజ్ అసిటేట్ పాతకాలపు పదార్థమే, రోజువారీ వాడకానికి మన్నికైనదే. నీటి క్రీడలకు తగినవి రెండు. మొదటిది ఆముదం నుంచి తీసే నైలాన్. ఫ్రాన్సులో 1940లలో రూపు దిద్దుకున్న ఈ పదార్థం తేలికగా వంగుతుంది, ఉప్పునీటికి తట్టుకుంటుంది. ఆముదం గింజల ఉత్పత్తిలో ప్రపంచంలో అగ్రస్థానం భారతదేశానిదే. అందులో సింహభాగం గుజరాత్‌ది కాగా, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్ట రైతులకూ ఇది తరతరాల పంట. గింజ మనది, నూనె మనది, ఖరీదైన ఫ్రేము మాత్రం విదేశీ ముద్రతో తిరిగి రావడం విచారకరం. నూనె ఎగుమతితో సరిపెట్టుకోక, దాని నుంచి నైలాన్ తీసే పరిశ్రమకు ఈ ప్రాంతంలో చోటు కల్పించడం గురించి ప్రభుత్వాలు ఆలోచించవలసి ఉంది.

రెండవది పాత చేపల వలల నుంచి చేసే ఫ్రేము. చిలీలో వలలు సేకరించే ఒక సంస్థతో కలిసి అమెరికా కంపెనీ కోస్టా 2018లో ఇటువంటి అద్దాలను బజారులోకి తెచ్చింది. సముద్రంలో వదిలేసిన నైలాన్ వల ఏళ్ళ తరబడి చేపలను, తాబేళ్ళను చంపుతూనే ఉంటుంది. దీఘా నుంచి శ్రీకాకుళం వరకు తీరమంతా మత్స్యకార గ్రామాలే. చినిగిన వలకు కిలో ఇంత అని ధర కడితే దాన్ని నీళ్ళలో వదిలేవారు తగ్గుతారు, జాలరి ఇంటికి నాలుగు డబ్బులు చేరతాయి. అద్దాల కంపెనీల ప్రకటనలకన్నా ఈ చిన్న లెక్కలోనే ఎక్కువ మేలు ఉంది.

ప్రకటనల విషయంలో జాగ్రత్త అవసరం. భూమిలో కలిసిపోతుందని చెప్పే కొన్ని ప్లాస్టిక్‌లు పెరటి పెంటకుప్పలో కరగవు, ప్రత్యేక కర్మాగారాల వేడి కావాలి. ఆధారం లేని పర్యావరణ ప్రచారాన్ని అరికట్టేందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు వెలువరించింది. వీటి ప్రకారం 'ఆకుపచ్చ' ముద్ర వేసేవాడే అందుకు రుజువు చూపాలి. వినియోగదారుడు అడగడం నేర్చుకోవాలి. పదేళ్ళు నిలిచి, గీతలు పడితే అద్దం మాత్రమే మార్చుకోగల మామూలు ఫ్రేము, ఏడాదికే విరిగే 'ప్రకృతి' ఫ్రేముకన్నా మేలు. సముద్రంలో జారిపోయిన అద్దం ఏ పదార్థంతో చేసినదైనా చెత్తే కనుక, తల వెనుక తాడు కట్టుకోవడం, ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో ఉప్పు కడగడం కూడా పర్యావరణ రక్షణే.

ఆస్ట్రేలియా 1971లోనే చలువ అద్దాలకు ప్రమాణాలు నిర్ణయించింది. తరగతి తెలిపే చీటీ లేకుండా అక్కడ వాటిని అమ్మరాదు. 1951లో దేశంలో తొలి ఐఐటీ వెలసిన ఖరగ్‌పూర్‌లోనే బజారులో అద్దం కొనేవాడికి ఒక స్టిక్కరు తప్ప మరో ఆధారం ఉండదు. ప్రతి అద్దానికీ తరగతి, రక్షణ వివరం తెలిపే చీటీ ఉండాలి, అది స్థానిక భాషల్లో ఉండాలి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది కాబట్టి తెలుగులోనూ అడగవచ్చు. తూనికలు కొలతల తనిఖీకి వెళ్ళే అధికారుల చేతికి కిరణాలను కొలిచే చిన్న పరికరం కూడా ఇస్తే, థర్మోకోల్ అట్టపై వేలాడే అద్దాలలో ఏవి నిలుస్తాయో ఒక్క పూటలో తేలిపోతుంది.