ఒకే ప్రశ్నపత్రమైతే న్యాయం జరిగినట్టేనా?

ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకే ప్రతిభకు నిష్పాక్షికమైన కొలబద్ద అనీ, జిల్లా పరిషత్ బడిలో చదివినా కార్పొరేట్ కాలేజీలో చదివినా ప్రశ్నపత్రం ఒక్కటే కనుక అందులో అన్యాయానికి తావు లేదనీ తెలుగు మధ్యతరగతి గట్టిగా నమ్ముతుంది. 1986లో ఎంసెట్ మొదలైన నాటి నుంచి వేళ్లూనుకుంటూ వచ్చిన ఈ నమ్మకం ప్రశ్నపత్రాన్ని చూస్తుందే గాని, ఆ పత్రం ముందుకు ఎవరు ఏ దారిన వచ్చి కూర్చున్నారో చూడదు.

ఈఏపీసెట్‌గా పేరు మారిన ఆ పరీక్ష ఇంజనీరింగ్ విభాగంలో 180 నిమిషాల్లో 160 బిట్లకు జవాబులు గుర్తించాలి, అంటే ఒక్కో బిట్టుకు దక్కేది 67 సెకన్ల పైచిలుకు మాత్రమే. లెక్కను మూలసూత్రం నుంచి పేర్చుకుంటూ సాధించే విద్యార్థికి ఈ వ్యవధి చాలదు. నాలుగు జవాబులనూ ఒక్కొక్కటిగా ప్రశ్నలో ప్రతిక్షేపించి ఏది పొసగుతుందో చూడడం అలవాటై, అదే నమూనా లెక్కను అంతకుముందు పదులసార్లు చేసి చెయ్యి తిరిగిన వారికే అది సరిపోతుంది. ఆ చెయ్యి తిరగడం పుట్టుకతో వచ్చేది కాదు, ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ పేరిట, ఆపైన రెండేళ్ల హాస్టల్ స్టడీ అవర్ల పేరిట, అప్పటికీ ర్యాంకు చాలకపోతే ‘లాంగ్ టర్మ్’ పేరిట (ఇంటర్ ముగిశాక ప్రవేశ పరీక్ష కోసమే మరో ఏడాది చదవడాన్ని అలా అంటారు) ఫీజు కట్టి కొనుక్కునేది. ర్యాంకును ఇంతగా ఆరాధించేవారు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు యాజమాన్య కోటాలో భర్తీ అవుతుంటే ప్రతిభ ఏమైపోతోందని అడగరు. రిజర్వేషన్ల ప్రస్తావన వస్తేనే వారికి ఆ ప్రశ్న గుర్తుకొస్తుంది.

ర్యాంకుకు బదులు బడి మార్కులను ఆధారం చేసుకుందామంటే, చూచిరాతలు నడిచే చోట వాటిని ఎలా నమ్మాలన్న ఆక్షేపణ ఒకటుంది, అది కొట్టిపారేయదగినది కాదు. అయితే దానికి సమాధానం ఇక్కడే ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జనం ట్రిపుల్ ఐటీలని పిలిచే నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలు, పదో తరగతి ఫలితాల ఆధారంగా ప్రవేశాలు జరపడమే కాక, గ్రేడ్లు అమల్లో ఉన్న కాలంలో ప్రభుత్వ బడి పిల్లల జీపీఏకు 0.4 కలిపాయి; ఏ వసతులతో చదివి ఆ మార్కు తెచ్చుకున్నారన్నదాన్ని కూడా కొలతలో భాగం చేయడమే దీని అంతరార్థం. తమిళనాడు 2006లో చట్టం చేసి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షనే రద్దు చేసింది. తెలంగాణ మాత్రం 2023లో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని సైతం తొలగించి, ఉన్న కాస్త పగ్గాన్నీ పరీక్షకు లేకుండా చేసింది.

న్యాయం సంగతి అలా ఉంచితే, ఈ కొలబద్ద స్వేచ్ఛను హరించే తీరు మరింత నిశ్శబ్దమైనది. ఇంటర్‌లో తెలుగు పిల్లలు ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకోవడానికి కారణం సాధారణంగా కాళిదాసు మీద మమకారం కాదు. అందులో తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులు వస్తాయి, మిగిలిన సమయం బిట్లకు దక్కుతుంది. ప్రయోగశాల, గ్రంథాలయం, ఆటస్థలం కూడా ఇదే లెక్కన టైంటేబుల్ నుంచి జారిపోగా, పాఠం మధ్యలో ‘ఎందుకిలా’ అని అడిగిన విద్యార్థికి ‘అది ఎంసెట్‌లో రాదు’ అన్నదే జవాబవుతోంది.