బస్సు బోర్డు చదివించే ఫోన్

అమలాపురం బస్టాండులో రాజోలు బస్సేది, కొత్తపేట బస్సేది అని పక్కవాళ్లను అడిగేవారంతా చదువురానివారు కారు. అద్దాలు పెట్టుకున్నా బోర్డు ఆననివారూ వారిలో ఉంటారు. అద్దాలతో సైతం మెరుగైన కంటి చూపు 6/18 దాటకపోతే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని అల్పదృష్టిగా గుర్తిస్తుంది.

వీరికి జేబులోని ఫోనే భూతద్దం. ఐఫోన్‌లో మాగ్నిఫయర్ 2016 నుంచీ ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ ఇలాంటి యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. కెమెరాను బోర్డుకేసి పట్టి, బొమ్మను ఆపేసి, వేళ్లతో సాగదీసి, నలుపు మీద పసుపు అక్షరాలుగా మార్చుకుంటే ‘రావులపాలెం’ స్పష్టంగా కనబడుతుంది.

అయితే ఎంత పెద్దది చేస్తే కనబడే మేర అంత తగ్గిపోతుంది. ఫోన్‌లోకి చూస్తూ కాలువగట్టు మీద నడిస్తే అంచు తెలియదు, ప్రాణానికే ముప్పు. ఆగి చూడాలి, చూశాకే అడుగేయాలి. తెల్లకర్ర అవసరమైనవారు దాన్ని వదలకూడదు.

ఇదంతా నేర్పేదెవరు? కంటి శిబిరాల్లో అద్దాలిచ్చి పంపేస్తే సరిపోదు. అద్దాలతో తీరని చూపు సమస్య ఉన్నవారికి అక్కడే కాసేపు ఫోన్ చేతికిచ్చి చూపించాలి. ఆర్టీసీ కూడా ముందుకు రావాలి. కొన్ని ఎల్‌ఈడీ బోర్డులు కెమెరాలో చారలుగా మిణుకుతాయి. బిగించే ముందే వాటిని ఫోన్‌తో పరీక్షించాలి.